నీలం గేటు

కొండెలే కూడలి మధ్యలో ఒగుటు బైకు ఆగిపోయింది.

దగ్గలేదు, మొరాయించలేదు. ఉన్నట్టుండి చప్పుడు లేదు.

వెనకాల మటాటు వ్యాన్ డ్రైవర్ హారన్ మీంచి చెయ్యి తియ్యడం లేదు. "ఒరేయ్, రోడ్డేమన్నా మీ తాత వేయించాడా?"

ఒగుటు కాలు నేలకి ఆనించి, వెనక సీట్లో ప్రయాణికుడు పడిపోకుండా ఒక చేత్తో పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి బండిని పక్కకి తోశారు.

"పెట్రోలు అయిపోయిందా?" అడిగాడు ఆ మనిషి. యాభై దాటి ఉంటాయి. కిబూయే మార్కెట్ దగ్గర ఎక్కాడు. మాంబోలియోలో గోదాముల వెనక నీలం గేటు దగ్గర దింపమన్నాడు.

"ఆఁ, పెట్రోలే."

"ట్యాంకు ఊపితే గలగలమంటోందే!"

ఇక దాచి లాభం లేదు.

"బండికి అప్పిచ్చిన కంపెనీవాళ్లు ఆపేశారు సార్, వాయిదా కట్టలేదని. అక్కడ మీట నొక్కితే ఇక్కడ ఇంజన్ ఆగిపోతుంది."

"ఫోన్ చేసి గడువు అడక్కపోయావా?"

"నేనే ఫోన్ ఆపేసి నెలైంది. దాంట్లో యాప్‌లలో తీసుకున్న అప్పులే ఆరు. ఒకటి తీర్చడానికి ఇంకోటి. నా క్రెడిట్ స్కోరు చూస్తే బ్యాంకు కాపలావాడు కూడా నవ్వుతాడు. ఈ బండి ఒక్కటే మిగిలింది. ఇదీ పోతే ఇంట్లో పొయ్యి వెలగదు."

ఆయన యాభై షిల్లింగుల నోటు తీశాడు. ఒగుటు చెయ్యి చాపలేదు.

"సగం దారిలో దింపేసి డబ్బులా? ఉండండి, ఇంకో బోడా బైకుని పిలుస్తా."

"ఆరు అప్పులున్నవాడివి, యాభై వదులుకుంటావా?"

"అప్పులంటారా, ఎప్పటికైనా తీరుస్తా. ఇదైతే దొంగసొమ్ము."

ఆయన అతన్ని అదోలా చూశాడు. అంతలో ఆయన ఫోన్ మోగింది.

"లేదు సార్. దొరకలేదు. వెతుకుతూనే ఉన్నా," అని పెట్టేశాడు.

తర్వాత బండి సీటు మీద అరచేత్తో ఒక్కటి చరిచాడు.

"ఇప్పుడే కంపెనీకి ఫోన్ చెయ్. ఫోన్ ఆపేసినవాణ్ని పారిపోయినవాడి కింద జమకడతారు. రోజుకి ఎంత కట్టగలవో అంతే చెప్పు. గొప్పలకి పోకు. చెప్పాక మాత్రం ఒక్కరోజు కూడా తప్పకు."

"వింటారంటారా?"

"వింటారు. మూలన పడున్న బండికంటే రోజూ కట్టే మనిషే వాళ్లకి లాభం. ఫోన్ అప్పుల్లో అన్నిటికంటే చిన్నది ముందు తీర్చు. తీరినట్టు కాగితం తీసుకో. పాతదానికోసం కొత్తది ముట్టుకోకు. ఆఁ, ఇంకోటి. మొహమాటపడి ఎవర్నీ అప్పుమీద ఎక్కించుకోకు."

"మీరు మాస్టారా సార్?"

"మాస్టార్ల చెప్పులు ఇంతకంటే బాగుంటాయిలే."

"పేరన్నా చెప్పండి. ప్రార్థనలో తలుచుకుంటా."

"వండేరా. ప్రార్థనలోనే తలుచుకో, ఇంకెక్కడా వద్దు."

నవ్వుతూ నడిచి వెళ్లిపోయాడు. మాంబోలియో వైపు కాదు, వచ్చిన దారినే.

ఒగుటు ఫోన్ ఆన్ చేసి కంపెనీకి కలిపాడు. అవతల గొంతు విరుచుకుపడింది.

"నెల్లాళ్లు ఎక్కడ చచ్చావయ్యా? ఇవాళ ఎలా వచ్చింది బుద్ధి?"

"వండేరా అని ఒక పెద్దమనిషి సార్. నా పక్కనే నిలబడి బుద్ధి చెప్పి వెళ్లాడు. ఆయన చలవే."

అవతల ఏదో రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

"సరే. రోజుకి ఎంత కడతావ్?"

సాయంత్రానికి ఇంజన్ లేచింది. ఒగుటు కూడా లేచాడు.

పొద్దున్నే బోడాలు ఆగే స్టేజికి వచ్చే మొదటివాడు అతనే. ఒక్కో అప్పూ తీరినప్పుడల్లా భార్య అపియో మొక్కజొన్న ఉగాలి ముద్దలోకి పెద్ద చేప పులుసు పెట్టేది. "ఇలా అయితే చెరువులో చేపలు అయిపోతాయి," అనేవాడు ఒగుటు. "నీ అప్పులు ముందు అయిపోనీ," అనేది అపియో. స్కోరు పాకుతూ పాకుతూ లేచి నిలబడింది.

మరుసటి వానల్లో ఒకరోజు స్టేజికి వండేరా వచ్చాడు. భుజాన సంచి ఉంది. గడ్డం మాసి ఉంది.

"ఒగుటూ, బస్‌స్టాండ్ దాకా దింపుతావా? మా ఊరికి పోతున్నా. బస్సుకే సరిపోతాయి నా దగ్గరున్నవి. నీ కిరాయి ఊరెళ్లి పంపిస్తా."

స్టేజిలో అందరూ చూస్తున్నారు.

"అప్పుమీద ఎవర్నీ ఎక్కించుకోవద్దన్నదెవరు మాస్టారూ?"

స్టేజి అంతా గొల్లుమంది. వండేరా కూడా నవ్వాడు.

"పాఠం బాగానే వంటబట్టిందిరా నీకు!"

సంచి నెత్తిన పెట్టుకుని వానలో నడుచుకుంటూ పోయాడు. ఆ రోజంతా ఒగుటు ఛాతీ విరుచుకునే తిరిగాడు.

బండి అప్పు పూర్తిగా తీరింది. ఈసారి కంపెనీయే ఫోన్ చేసింది. "మీ స్కోరు చాలా బాగుంది. ముందు పైసా కట్టక్కర్లేదు, రెండో బండి ఇస్తాం. మాంబోలియోలో మా యార్డుకి రండి."

గోదాములు దాటి మలుపు తిరిగాడు. ఎదురుగా నీలం గేటు.

ఒగుటు బ్రేకు వేశాడు. ఎక్కడో విన్నట్టుంది ఈ గేటు మాట.

లోపల, అప్పు కట్టనివాళ్ల దగ్గర్నుంచి లాక్కొచ్చిన బళ్లు వరసలు వరసలుగా దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. యార్డు మేనేజరమ్మ ఎదురొచ్చి చెయ్యి కలిపింది.

"నీ బండీ ఈ వరసలోకి వచ్చుండాల్సింది ఒగుటూ! అప్పట్లో నీకోసం మనిషిని పంపాం."

"నా దగ్గరికి ఎవరూ రాలేదే మేడమ్?"

"వచ్చినట్టు తెలిస్తే నువ్వు దొరుకుతావా? ప్రయాణికుడిలా ఎక్కుతాడు. నీ చేతే ఇక్కడిదాకా తోలిస్తాడు. నువ్వు లోపలికి రాగానే గేటు మూసేస్తాం. ఆ పెద్దమనిషి నీ పక్కనే ఉండి, దొరకలేదు సార్ అని మాతోనే అబద్ధం చెప్పాడు. ఆ వారమే ఉద్యోగం పీకేశాం."

ఒగుటు నీలం గేటు వైపు తిరిగి చూశాడు.

"అబద్ధమని మీకెవరు చెప్పారు మేడమ్?"

ఆవిడ కొత్త తాళంచెవి అతని అరచేతిలో పెట్టింది.

"ఎవరో చెప్పడమేంటయ్యా? వండేరా నా పక్కనే నిలబడి బుద్ధి చెప్పాడని ఆ రోజు ఫోన్లో చెప్పింది నువ్వేగా!"