కొండ మీది పెట్టె

కొండ మీద ఫోను పలకదు. అందుకే హ్యామ్ రేడియో పిచ్చి ఉన్న నందీశ్ అక్కడి యాంటెన్నా బాగుచేయడానికి వెళ్ళినప్పుడల్లా రేడియోతోపాటు ఒక మోడెం పెట్టె తీసుకెళ్తాడు. అలాంటిదే ఇంకొకటి పాతపాళ్యలోని ఇంట్లో ఉంది. టైపు చేసిన మాటల్ని అది కీచు శబ్దాలుగా మార్చి రేడియోలో పంపుతుంది; అవతలి పెట్టె వాటిని మళ్ళీ అక్షరాలుగా తెర మీద చూపిస్తుంది.

చీకటిపడినా వాన తగ్గలేదు. అతని భార్య వీణ "యాడుండారు?" అని పంపింది. జవాబు రాకముందే నందీశ్ ఇంట్లోకి వచ్చాడు.

"పెట్టె యాడ?" అంది.

"కొండ మీదే మరిచిపోయొచ్చినా. ఆకలైతాంది."

"కన్నబిడ్డనైనా మరుస్తారు గానీ ఆ పెట్టెను మరుస్తారా మీరు?"

అతను నవ్వలేదు. నేరుగా వంటింట్లోకి వెళ్ళాడు. ఎప్పుడూ కాళ్ళు కడుక్కోకుండా గడప దాటని మనిషి. నేల తుడుద్దామని వీణ గుడ్డ తెచ్చింది. ఒక్క తడి అడుగు కూడా కనిపించలేదు.

అప్పుడు రేడియో కీచుమంది. తెర మీద అక్షరాలు పడ్డాయి.

"వానకు కొండ మీదే చిక్కుకున్నా. పొద్దున వస్తా. నేత్రను పండబెట్టి తలుపేసుకో."

వీణ దాన్ని రెండోసారి చదివింది. చేతిలో గుడ్డ అలాగే ఉంది.

"నేత్రా, రామ్మా, ముద్ద పెడతా," వంటింట్లోంచి నందీశ్ గొంతు.

వీణ నోరు తెరిచేలోగా పాప కాలిగజ్జెలు అటు పరుగెత్తాయి. వంటింటి గడప దగ్గర ఆగిపోయాయి.

"అమ్మా," అంది నేత్ర మెల్లగా. "ఈయప్ప ఎవురమ్మా?"