మేనేజరుగారి అమ్మ ఎత్తు

"అమ్మా, ఇలా వచ్చి నిలబడు. మా మేనేజరుగారి అమ్మగారూ నీ ఎత్తే ఉంటారు," అన్నాడు కొడుకు.

తల్లి బాత్‌రూం గోడ పక్కన నిలబడి చెయ్యి చాపింది. ప్లంబరు అక్కడే గుర్తు పెట్టి, పట్టుకోవడానికి స్టీలు కడ్డీ బిగించాడు.

"సెలవులకి మనింట్లో దిగుతున్నారు. ఆవిడ కాలు జారితే నా ప్రమోషనూ జారిపోతుంది."

"పోయిన నెల నేనూ ఇక్కడే పడ్డాను కదరా." తల్లి ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, కట్టు కట్టిన రెండో మోచెయ్యి చూపించింది.

"అందుకేగా చూసుకుని నడవమన్నాను." కొడుకు ప్లంబరు వైపు తిరిగాడు. "వాళ్ళు వెళ్ళగానే వచ్చి పీకెయ్. గోడ అందమంతా పోయింది."

ప్లంబరు తలూపి వెళ్ళిపోయాడు.

"సెలవులని అందరికీ కానుకలు కొంటున్నాను. నీకేం కావాలమ్మా?"

ఆమె ఇంకా కడ్డీ వదల్లేదు.

"ఆవిణ్ణి మనింట్లోనే ఉండిపొమ్మనరా."