ఐదు లైట్లు, ఒకే కథ

ఆమె తన ఫోను తీసి పాతసామాన్ల వ్యాపారి ముఖం ముందు పెట్టింది. ఆన్‌లైన్‌లో అతను అమ్మకానికి పెట్టిన ఐదు పాత ఇత్తడి టేబుల్ లైట్లు. ఐదింటి కిందా ఒకటే కథ: చూపు పోయిన భర్తకు ఆ వెలుగులో భార్య రోజూ నవల చదివి వినిపించేదట, అది పూర్తి కాకుండానే ఆయన కన్నుమూశాడట.

“నీకు లైటు అమ్మిన రోజు నేను చెప్పుకుని ఏడ్చిన మాటలు కదయ్యా ఇవి!”

“అంతకుముందు ఈగలు తోలుకుంటూ కూర్చున్నానమ్మా. ఇవి రాశాకే గిరాకీ వచ్చింది.”

“సిగ్గుగా లేదూ? నా లైటు నాకిచ్చెయ్. ఏదది?”

అతను బల్ల వైపు చూశాడు. ఐదింటినీ తళతళలాడేలా తోమించాడు. ఏది ఆమెదో అతనికి తెలియలేదు.

ఆమె ఒక్కొక్కటీ తడిమి చూసింది. ఆమెకూ తెలియలేదు.

“నచ్చింది పట్టుకెళ్లండి,” అన్నాడతను. “కథ మీకు తెలిసిందేగా.”