అధ్యక్షులవారి ఉపన్యాసం

ఆహ్వానం వినగానే తెనాలి వెంకట్రామయ్యకు రొట్టె విరిగి నేతిలో పడినట్టయింది.

ఎందుకంటే సరిగ్గా ఆ ఆదివారమే దుగ్గిరాలలో, ఆయన పసుపు గోడౌను ముందు, కూలీలు సంఘం జెండా ఎగరేస్తామంటున్నారు. జెండా ఎగిరితే సంఘం నిలిచినట్టే. నిలిస్తే ముందు మరుగుదొడ్డి అడుగుతారు. అది లేకే అక్కడి ఆడవాళ్లు సాయంత్రం దాకా గుక్కెడు మంచినీళ్లు కూడా తాగరు. పాపం, ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. ఆయనే గేటు ముందు కుర్చీ వేసుక్కూర్చుని, వచ్చిన ప్రతిసారీ బెదరగొట్టి పంపాడు.

ఈసారి వాళ్ల వెనక బాపట్ల విజయసారథి ఉన్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి. సగం జీవితం ధర్నాల్లో, మిగతా సగం ఆ ధర్నాల మీద వ్యాసాల్లో గడిపాడు. ఇంతవరకూ ఒక్క శాలువా కప్పించుకోలేదు.

"ఆదివారం రేపల్లెలో విజయసారథిగారికి సన్మానమండి. ఎలాగో ఒప్పించాం. మీరే అధ్యక్షత వహించాలండి" అంది కరుణ. సాహితీ మిత్రులమని చెప్పుకుంది.

"దానికేముందమ్మా! అంతటి మహానుభావుడికి ఆమాత్రం చెయ్యకపోతే ఎలా?" అన్నాడు వెంకట్రామయ్య.

ఆమె గుమ్మం దాటగానే మేనేజరు పాండురంగారావు వైపు తిరిగాడు.

"తల రేపల్లెలో ఉంటే మొండెం దుగ్గిరాలలో ఏం చేస్తుందయ్యా?"

"మధ్యలో జారుకుంటే ఏంటండి?"

"గేటు దగ్గరి మనవాళ్లని తీసుకొచ్చి హాలు తలుపుల దగ్గర నిలబెట్టు. ఎలా జారతాడో చూద్దాం!"

ఆదివారం సభ కళకళలాడింది. వెంకట్రామయ్య శాలువా కప్పాడు, గజమాల వేశాడు, కార్మికుడి చెమట విలువ గురించి గొంతు బొంగురుపోయేలా మాట్లాడాడు. చెమట గురించి అంత బాగా మాట్లాడగలనని ఆయనకే అప్పటిదాకా తెలియదు.

విజయసారథి కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. ఒకసారి లేచాడు కూడా.

"నాకు దుగ్గిరాలలో పనుందండి. బస్సు టైమైంది."

"కూర్చోండి సార్! మిమ్మల్ని అంత తేలిగ్గా వదులుతామా?"

హాలంతా చప్పట్లు. తలుపుల దగ్గరున్నవాళ్లు ఇంకాస్త గట్టిగా కొట్టారు.

ఇక లాభం లేదని వెంకట్రామయ్య ముందు వరసలోని కవుల్నందర్నీ పేరుపేరునా పైకి పిలిచాడు. కవుల్ని పిలవడమే మన చేతిలో ఉంటుంది, దింపడం కాదు. జేబులో ఫోను వణుకుతూనే ఉంది. అధ్యక్షుడు వేదిక మీద ఫోను తీస్తే ఏం మర్యాద? తియ్యలేదు. కవులు అయిపోయాక మళ్లీ తనే మైకు అందుకున్నాడు.

చివరికి పొద్దు వాలింది. ఇక ఇవాళ్టికి జెండా లేనట్టే. వెంకట్రామయ్య తృప్తిగా కూర్చుని మంచినీళ్లు తాగాడు.

వందన సమర్పణకు కరుణ వచ్చి, అధ్యక్షులవారికి వినయంగా నమస్కారం పెట్టింది.

"పిలవగానే గేటు వదిలి, కాపలావాళ్లతో సహా తరలివచ్చి, అక్కడ మా పసుపు కూలీలంతా నిశ్చింతగా జెండా ఎగరేసుకునేదాకా ఇక్కడ వేదిక దిగకుండా మాట్లాడిన వెంకట్రామయ్యగారికి, ఈ సభ ఏర్పాటు చేసిన దుగ్గిరాల పసుపు కూలీల సంఘం తరఫున, కార్యదర్శిగా నా హృదయపూర్వక ధన్యవాదాలండి!"