ముగ్గురిదీ ఒకే మాట

వ్యాసాలు రాయడం, దిద్దడం యంత్రాల పాలయ్యాక, మా తెలుగు శాఖకు మిగిలిన పని వాదించుకోవడమే. రోజూ టీ వేళకు గోడమీది యంత్రం కొత్త కవిత ఒకటి చదువుతుంది. అధ్యాపకులం ముగ్గురం పోట్లాడుకోవాలి. అందరం ఒకే మాటంటే శాఖ మూసేస్తారు. ఒకే మాటకైతే యంత్రం చాలదా?

ఇవాళ కవిత వినగానే ముగ్గురం ఒక్కసారే "బాగుంది" అనేసి నాలుక కరుచుకున్నాం. గోడమీది యంత్రంలో శాఖ మూతకు హెచ్చరికగా ఎర్రదీపం వెలిగింది.

గ్లాసులు తీస్తున్న అటెండరు వరాలమ్మ ఆగింది. "ఏటి బాగుంది మేడమ్? వానంటాడు, గొడుగంటాడు, తడిసినోళ్ల ఊసే నేదు. నాకు నచ్చనేదు."

దీపం ఆరిపోయింది.

శాఖాధిపతి లలితాంబ గారు తన కుర్చీ ఆమెకు జరిపి, "అదెలా అంటావు? కూర్చుని చెప్పు!" అని సంబరంగా అరిచారు.

ఆ పూట గ్లాసులు నేనే కడిగాను. వాదన ఇంకా తెగలేదు మరి.