వకాలతు మార్పు

“ఇక్కడ సంతకం పెట్టండి పిన్నిగారూ. ఇకనుంచి మీ కేసు గిరీష్ గారు చూస్తారు,” అంటూ లాయరు నీరజ బందరు కోర్టు వరండాలో కొత్త వకాలతు పరిచింది. పాత లాయరు తనకి అభ్యంతరం లేదని రాసిస్తేగానీ కొత్త లాయరు కేసు పట్టుకోడు. నీరజ అప్పటికే ఆ మాట రాసి సంతకం పెట్టేసింది.

మాణిక్యమ్మ పెన్ను అందుకోలేదు. ఘంటసాల ఊళ్లో ఆవిడ చేను, పక్కనున్న రొయ్యల చెరువులోంచి ఉప్పునీళ్లు ఊటగా దిగి, చౌడుబారిపోయింది. అవతలి లాయరు రాలేదని, చెరువు వాళ్లమీద ఆవిడ వేసిన దావా ఈ పూట కూడా వాయిదా పడింది.

“మీరెక్కడికెళ్తున్నారమ్మా?”

“ఎల్.ఎల్.ఎం.లో చేరుతున్నానండీ. లాయరు చదువుకి పై చదువు.”

ఆవిడ మొహం కాస్త విచ్చుకుంది. “నా కేసుకి అంత చదువు కావాలా? పోన్లెండి, చదువుకునే రండి. అందాకా ఆగుతాను.”

నీరజ నల్లకోటు విప్పి చేతిమీద వేసుకుంది. “మళ్లీ కోర్టుకి రానండీ. ఏదన్నా కాలేజీలో పాఠాలు చెప్పుకుంటాను.”

“నావల్లేమన్నా ఇబ్బందయిందా?”

“మీవల్ల కాదు. ఇన్నేళ్లుగా పొద్దున్నే రావడం, వాయిదా రాసుకుని వెళ్లడం. విసుగొచ్చేసింది పిన్నిగారూ. ఇంక ఓపిక లేదు.”

మాణిక్యమ్మ తలూపింది. ఆ మాట మాత్రం ఆవిడకి బాగానే అర్థమైంది. పెన్ను తీసుకుని, ఒక్కో అక్షరం దిద్దుతున్నట్టు సంతకం పెట్టింది. కాగితం ఇచ్చేస్తూ, కోపమేమీ లేకుండా, బస్సు ఎక్కడాగుతుందని అడిగినట్టే అడిగింది.

“నాకూ విసుగొచ్చేసిందమ్మా. మరి నేను దేంట్లో చేరాలి?”