పదహారో ఓటు

"స్ట్రెచర్ మీద మోసుకొచ్చినా పరవాలేదు. పడుకుని చెప్పినా ఓటు ఓటే," అన్నాడు డెల్మర్ ఫోనులో. "కళ్లు తెరిచి 'అవును' అంటే చాలు. అంబులెన్సు సిద్ధంగా ఉంచండి."

ఫోను జేబులో పెట్టుకుని ఆసుపత్రి మెట్లెక్కాడు. రాష్ట్ర సెనేట్‌లో అధికార పక్షం ఓట్లు లెక్కపెట్టే పని అతనిది. ఆరు రోజులుగా ఆ లెక్క పదిహేను దగ్గరే ఆగిపోయింది. అవతలి పక్షమూ పదిహేనే. పదహారోవాడు ఆర్లో వెస్ట్రమ్ మూడో అంతస్తులో, గొంతులో గొట్టంతో, తెలివి లేకుండా పడి ఉన్నాడు.

మిల్లులూ ఫ్యాక్టరీలూ వదిలే పొగకు హద్దు పెట్టే బిల్లు రేపు నాలుగింటికి ఓటుకొస్తుంది. రేపటితో సమావేశాలు సరి. ఆ బిల్లు రాసింది ఆర్లోనే. పదకొండేళ్లలో నాలుగుసార్లు ఓడిపోయింది. ఆ పొగతో ఎండలు ముదిరి ఈ వేసవిలోనూ అడవులు తగలబడుతూనే ఉన్నాయి. ఆసుపత్రి ముందు ఆగిన కార్ల మీద వేలితో పేరు రాయొచ్చు, అంత బూడిద. ఓట్లు సమానమైతే బిల్లు మళ్లీ పోయినట్టే.

లిఫ్టు దగ్గర అవతలి పక్షం నాయకుడు బ్రాడీ ఎదురయ్యాడు.

"ఆర్లో కోసం మావాళ్లు పొద్దుటి నుంచీ చర్చిలో ప్రార్థన చేస్తున్నారు," అన్నాడు.

"నిండు నూరేళ్లూ బతకాలనా?"

"రేపు సాయంత్రం దాకా బతికితే చాలు. ఆపైన దేవుడి దయ. ప్రాణం ఉండాలి, తెలివి మాత్రం రాకూడదు. కాస్త చిక్కు ప్రార్థనే."

"సిగ్గులేదు నీకు."

"నువ్వు మాత్రం పండ్లు ఇచ్చిపోదామని వచ్చావా?"

డెల్మర్ లిఫ్టు మీట నొక్కాడు. సభ్యుడు మంచాన పడితే సీటు అతనిదే కానీ, సభకు రానిదే ఓటు లేదు. చనిపోతే మాత్రం అతని జిల్లాను నడిపే కౌంటీ కమిషనర్లు ఆ రోజే ఆ సీటులో అతని పార్టీ మనిషిని నియమించవచ్చు. కమిషనర్లు ముగ్గురూ ఫోన్ల దగ్గరే ఉండేలా డెల్మర్ నిన్ననే చూసుకున్నాడు.

తనను ఏడు రోజులకు మించి మిషను మీద ఉంచొద్దని ఆర్లో ఎప్పుడో రాసిపెట్టాడు. రేపు ఉదయానికి ఏడు. డాక్టరు మాత్రం నిన్న వేరే మాటన్నాడు: "మెదడులో వాపు తగ్గుతోంది. ఆగితే తెలివి రావచ్చు. రేపే రావచ్చు. ఆగాలో వద్దో ఆయన భార్య చెప్పాలి."

'రావచ్చు' అన్న మాట మీద డెల్మర్ ఏనాడూ ఓటు లెక్కపెట్టలేదు.

గదిలో మార్విస్ తడి దూదితో భర్త పెదవులు తుడుస్తోంది.

"ఏమైనా తిన్నారా మార్విస్ గారూ?"

"బ్రాడీ బంగాళదుంపలు వండించి తెచ్చాడు. ఉప్పెక్కువ." దూది పక్కన పెట్టింది. "చెప్పడానికొచ్చింది చెప్పు, డెల్మర్. మూడు రోజులుగా చేతిలో ఆ టోపీ తిప్పుతూనే ఉన్నావు."

డెల్మర్ టోపీ కుర్చీ మీద పెట్టాడు. దారిలో కూర్చుకున్న మాటలన్నీ ఎక్కడికో పోయాయి.

"రేపటికి ఏడు రోజులు," అంది ఆమే. "ఆయన రాసిన కాగితం నా సంచిలోనే ఉంది."

"డాక్టరు మీతో ఏమన్నాడు?"

"పొద్దున నా వేలు నొక్కాడీయన. డాక్టరు సంతోషించాడు." దూది మళ్లీ తడిపింది. "లేస్తే ఏం చేస్తారు?"

"స్ట్రెచర్ మీద సభకు తీసుకెళ్తాం."

"అవునంటాడా?"

"చచ్చినా అంటాడు," అని డెల్మర్ నాలుక కరుచుకున్నాడు.

"అంటాడు. నాకు తెలుసు." దుప్పటి సర్దింది. "లేస్తాడో లేవడో అని రేపు నాలుగింటి దాకా కూర్చోవడం నా వల్ల కాదు. ఆయన పోతే ఆ సీట్లో నన్నే పెడతారా?"

"భర్త పోతే భార్యే. ఇక్కడ మొదటి నుంచీ అంతే. వేరే పేరు ఎవరూ ఎత్తరు కూడా."

"అయితే డాక్టరును పిలువు."

డెల్మర్ కళ్లు చెమర్చాయి. తను అడగలేకపోయింది అడగకుండానే ఇచ్చింది. ఆ క్షణంలో అతనికి ఆమె మీద కలిగింది భక్తే. తన మీద కలిగినదాన్ని అతను ఎక్కువసేపు చూసుకోలేదు.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి గొట్టం తీశారు. పదికి ఆర్లో పోయాడు. పదకొండుకు కమిషనర్లు ముగ్గురూ సరేనన్నారు. మూడింటికి మార్విస్ నల్ల దుస్తుల్లో వచ్చి, బైబిలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసింది.

సభాధ్యక్షుడు నాలుగు మాటలు చెప్పాడు. "ఆర్లో తెచ్చిన తొలి అడవి చట్టంతో ఈమె పుట్టింటివాళ్ల రంపపు మిల్లు మూతపడింది. అయినా ఈ ముప్పై ఏళ్లలో ఈమె నోట ఒక్క మాట రాలేదు. త్యాగమంటే అది."

మిల్లు మూతపడ్డాక ఆమె సొంత అన్న అదే షెడ్డులో ఉరేసుకున్న సంగతి మర్యాద కోసం వదిలేశాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. మార్విస్ తల వంచుకుంది.

నాలుగింటికి గుమాస్తా పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. అక్షర క్రమంలో వెస్ట్రమ్ చివరిది. అప్పటికి పదిహేను 'అవును'లు, పదిహేను 'కాదు'లు. బ్రాడీ కాగితాలు సంచిలో పెట్టేసుకున్నాడు. డెల్మర్ ముందే పదహారు వేసి, దాని చుట్టూ సున్నా చుట్టాడు.

"వెస్ట్రమ్."

ఆమె లేచి నిలబడింది. పై గ్యాలరీలో ఎవరో వెక్కుతున్నారు. డెల్మర్ ఆమెను చూసి ధైర్యం చెబుతున్నట్టు తలాడించాడు.

"కాదు," అంది మార్విస్.